ధర్మవరం మగ్గం హిందూపురానికి బయలుదేరిన ఆదివారం

పెనుకొండ కోట ఎక్కి వచ్చి నేను రాసిన పోస్టు కింద కోట గురించి అడిగినవాళ్ళు చాలా తక్కువ. ఎక్కువమంది అడిగింది పనుల గురించే. మా అబ్బాయికి ఐటీఐ అయిపోయింది, ఆ పక్క కంపెనీల్లో తీసుకుంటారా అని ఒకరు. మా చెల్లెలు కుట్టుపని నేర్చుకుంది, హిందూపురంలో గది అద్దె ఎంత ఉంటుంది అని ఇంకొకరు. నేను అనంతపురంలో ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు చూసుకునే మనిషిని. సెలవు దొరికితే బస్సో రైలో ఎక్కి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగొచ్చి రాస్తుంటాను. ఆ ప్రశ్నల కింద ఏం రాయాలో తోచక ఊరుకున్న రోజుల్లోనే నాగరత్న ఫోన్ చేసింది.

నాగరత్న నాతో పాటు ఇంటర్ చదివింది. ఉండేది ధర్మవరంలో. భర్త రామాంజి పట్టుచీరలు నేస్తాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె కూడా మగ్గం పక్కనే కూర్చుని కండెలకు దారం చుట్టేది, తెగిన పోగులు అతికేది. చీరకు కూలి రామాంజి చేతికి వచ్చేది. అందులో ఆమె పని ఎంతో ఎవరూ విడదీసి చూడలేదు, ఆమె కూడా అడగలేదు. మూడేళ్ళ కిందట కూతుర్ని చదువుకోసం అనంతపురంలో హాస్టల్లో చేర్చాక ఖర్చు పెరిగి, హిందూపురంలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ మీద చేరింది. తెల్లవారకముందే రైలెక్కడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. అలా చేసి చేసి, ఇప్పుడు లైన్ సూపర్‌వైజర్ అయింది. మిషన్లు మొదలయ్యే ముందే వెళ్ళాలి, అందరూ వెళ్ళాక లెక్క అప్పజెప్పి కదలాలి. ధర్మవరం నుంచి రైళ్ళను నమ్ముకుని ఆ పని చేయడం కుదరదు.

"సోమవారం నుంచి కొత్త పని పద్మా. ఆదివారం ఇల్లు మారతాండాం, హిందూపురానికి. నువ్వూ రాయే," అంది. "సామాను మొయ్యడానికి కాదులే. మగ్గం గూడ వస్తాండాది. నాకి యాలనో భయంగా ఉండాది."

మగ్గం ఇల్లు మారడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే వెళ్ళాను.

అనంతపురం నుంచి ధర్మవరానికి పొద్దున్నే ప్యాసింజర్ రైలు ఉంటుంది. గంటలోపు దిగిపోతాం, టికెట్ ఒక టిఫిన్ ఖర్చు కూడా కాదు. స్టేషన్ బయట షేర్ ఆటోలు ఉంటాయి, ఇరవై రూపాయలకు నేతగాళ్ళ వీధుల దాకా తీసుకెళ్తారు. ఆ వీధుల్లోకి అడుగుపెడితే ఒక గుమ్మం వదిలి ఒక గుమ్మం నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఆదివారం కూడా ఆగదు. చీరలు కొనడానికి వచ్చేవాళ్ళు పెద్ద షాపులకు పోతారు కానీ, ఈ వీధుల్లో అడిగితే ఎవరైనా లోపలికి పిలిచి నేత చూపిస్తారు.

నేను వెళ్ళేసరికి రామాంజి మగ్గాన్ని సగం విప్పేశాడు. అది గుంట మగ్గం. నేలలో మోకాళ్ళ లోతు గుంట తవ్వి, నేతగాడు అందులోకి కాళ్ళు దించి కూర్చుని నేస్తాడు. పైన జకార్డు పెట్టె. చీర మీద ఏ పువ్వు ఎక్కడ రావాలో అట్టల్లో రంధ్రాలుగా పొడిచి ఉంటుంది, ఆ అట్టల దండ ఆ పెట్టె మీద తిరుగుతుంది. పెట్టె నుంచి కిందికి వేలకొద్దీ దారాలు వేలాడతాయి. అవి చిక్కుపడితే విప్పుకోవడానికే రోజులు పడుతుందట. నాగరత్న ముక్కాలిపీట వేసుకుని ఆ దారాలను పాయలు పాయలుగా విడదీసి, పిల్లకు జడ వేసినట్టు అల్లుతోంది. నన్ను చూసి తలూపింది కానీ చేతులు ఆపలేదు.

పక్కింటావిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అమ్మేయమంటే యినకపాయ," అంది నాతో. "ఇప్పుడు చెప్తే యేమి లాబం. పెండ్లాం జీతానికి పోతాంటే మొగుడు మగ్గం నెత్తిన పెట్టుకొని ఎనకాల పోతాండాడు."

రామాంజి నవ్వాడు. అతను మాటలు తక్కువ మనిషి. "నెత్తిన కాదులే అత్తా, ఆటోలో," అన్నాడు.

కానీ ఆ మాట అతనికి తగిలిందని నాకు తెలిసింది. కాసేపయ్యాక నాతో తనంతట తానే చెప్పాడు. ఈ వీధిలోనే చాలామంది మగ్గం తీసేసి ఫ్యాక్టరీల్లో చేరారట. ఒక చీరకు ఇద్దరూ వారం పది రోజులు కూర్చుంటే ఐదారు వేలు కూలి. ఇప్పుడు నాగరత్న ఫ్యాక్టరీకి పోతోంది కాబట్టి అతనొక్కడే కండెలు చుట్టుకుని, అతనొక్కడే నేయాలి, అంటే ఇంకా ఎక్కువ రోజులు. హిందూపురంలో ఒక లేబర్ కాంట్రాక్టర్ అతనికి గేటు దగ్గర సెక్యూరిటీ పని ఇప్పిస్తానన్నాడు, పన్నెండు వేలు జీతం. "లెక్క ఏసి సూస్తే గేటు పనే మేలమ్మా. నాకి తెలీక కాదు. చెయ్యి రాలేదు," అన్నాడు. చీరలు నేయించుకునే షావుకారును అడిగితే, మగ్గానికి ఎక్కించే పడుగు దారం హిందూపురానికి పంపిస్తాను, నేసిన చీర బస్సులో పంపు అని ఒప్పుకున్నాడట. ఆ ధైర్యంతోనే బయలుదేరాడు.

పదిన్నరకు గూడ్సు ఆటో వచ్చింది. ధర్మవరం నుంచి హిందూపురానికి మూడున్నర వేలకు మాట్లాడుకున్నారు. డ్రైవర్ పేరు డేవిడ్, ముప్పై దాటని మనిషి, పెనుకొండ దగ్గరి పల్లె. మంచం, బీరువా, గిన్నెల మూటలు అడుగున సర్ది, వాటి మీద మగ్గం కొయ్యలు పేర్చి, జకార్డు పెట్టెను పరుపు మధ్యలో పెట్టారు. అట్టల దండను తడవకుండా ప్లాస్టిక్ పట్టలో చుట్టారు. రామాంజి వెనకాల సామాను మధ్యలోనే కూర్చున్నాడు, పెట్టె మీద చెయ్యి వేసి. నాగరత్నా నేనూ డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాం.

ధర్మవరం నుంచి చెన్నేకొత్తపల్లి దాకా మామూలు రోడ్డు, అక్కడ బెంగళూరు హైవే ఎక్కుతాం. హైవే ఎక్కాక దారి మారిపోతుంది. వేరుశనగ చేల మధ్యలో ఉన్నట్టుండి పొడవాటి రేకుల షెడ్లు, వాటి ముందు కొత్త కార్లు ఎక్కించుకున్న లారీల బారు, షిఫ్టు బస్సుల కోసం రోడ్డు పక్కన నిలబడ్డ కుర్రాళ్ళు. డేవిడ్ ఒక షెడ్డు వైపు తల ఎగరేసి చూపించాడు.

"ఆడ నేను రెండేండ్లు చేస్తిని అక్కా. కార్లకు పోయే పార్టులు. కాంట్రాక్టు కింద."

"మంచి జీతమేనా?" అని అడిగాను.

"పద్నాలుగు ఇస్తాండ్రి, ఓటీ చేస్తే ఇంగా వస్తాది. తప్పు చెప్పగూడదు, టయానికి పడతాండె. పీఎఫ్ గూడ. కానీ ఆర్డరు తగ్గితే ముందు తీసేసేది కాంట్రాక్టోళ్ళనే. ఒకసారి ఇంట్లో కూసోబెట్టిరి, రెండోసారి గూడ కూసోబెట్టిరి. మూడోసారి పిలిస్తే పోల్యా. లోనుకి ఈ బండి తీసుకుంటి." గేరు మార్చి, "ఐటీఐ చేసిండేటోళ్ళని, డిప్లొమా వాళ్ళని పర్మనెంటు చేస్తాండారు. నేను టెన్తు. నన్నెవరు చేస్తారు," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పాడు.

పెనుకొండలో మధ్యాహ్నం భోజనానికి ఆగాం. హైవే పక్కన రేకుల షెడ్డులో మెస్, ఎనభై రూపాయలకు కడుపునిండా పెడతారు. నడిపే ఆవిడ పేరు లక్ష్మమ్మ. ఇంతకుముందు చేలల్లో కూలికి పోయేదట, కలుపు తీయడానికి, శనక్కాయ పీకడానికి. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలకు వండుతుంది. ఎక్కువమంది ఒడిశా, బీహార్ వాళ్ళు. "వచ్చిన కొత్తలో నా సంగటి చూసి ఆ పిల్లోళ్ళు భయపడిరమ్మా," అని నవ్వింది. "ఒక పిల్లోడు వంటింట్లోకి వచ్చి రొట్టె ఎట్ల చేసేదో నేర్పిచ్చినాడు. ఇప్పుడు నేను చేసే రొట్టెలు వాళ్ళమ్మ చేసినట్టే ఉండాయంట."

కూలికి పోయినప్పటి కంటే నయమేనా అని అడిగాను. ఆవిడ అన్నం గిన్నె దించి, చేతులు తుడుచుకుని చెప్పింది. "ఎండకు ఎండేది తప్పింది. అది చాలు అనుకుంటా. కానీ కంపెనీలో షిఫ్టు తగ్గిచ్చిరంటే ఆడ వాళ్ళకి జీతం తగ్గుతాది, ఈడ నాకి ఇస్తరాకులు తగ్గుతాయి. వాన రాకపోతే ఎట్లుంటాదో ఇదీ అట్లే. చేనైతే మొగం పైకెత్తి మబ్బు చూస్తాము. దీనికి యాడ చూసేది?"

నాగరత్న తినడం ఆపి ఆవిడ వంక చూసింది. రామాంజి లేచి వెళ్ళి ఆటోలో తాళ్ళు బిగించి ఉన్నాయో లేదో చూసి వచ్చాడు. తినే ముందు కూడా ఒకసారి చూశాడు.

పెనుకొండ నుంచి సోమందేపల్లి మీదుగా హిందూపురం గంట దారి. బస్సులో వెళ్ళేవాళ్ళకు చెప్తున్నాను, ఈ దారిలో ఆర్టీసీ బస్సులు బాగానే తిరుగుతాయి, పల్లెవెలుగులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు అడగరు. ఎండ తగ్గుముఖం పట్టే వేళకు హిందూపురం చేరాం. స్టేషన్‌కు ఆవలి వైపు ఒక కాలనీలో కింది అంతస్తు ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, అద్దె ఐదున్నర వేలు. నాగరత్నతో పాటు పనిచేసే అమ్మాయి ద్వారా దొరికింది. ఇంటి యజమాని మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, పైఅంతస్తులో ఉంటాడు. మమ్మల్ని చూసి మర్యాదగా గేటు తీసి, "రండమ్మా, రండి," అంటూ ఎదురొచ్చాడు. అప్పుడే డేవిడ్ సామాను మీద కప్పిన పట్ట విప్పాడు. కొయ్యలు చూసి మాస్టారు ఆగిపోయాడు.

"ఇదేందమ్మా?"

"మగ్గం సార్," అంది నాగరత్న. "చెప్పింటిమి కదా. మా ఇంటాయన నేస్తాడు."

"మగ్గం అని చెప్పినారు, నిజమే. నేను మగ్గం వర్కు అనుకుంటిని."

జాకెట్ల చేతుల మీద పూసలూ జరీ కుట్టే పనిని ఇప్పుడు అందరూ మగ్గం వర్కు అంటున్నారు. దానికి కావలసింది మంచమంత చట్రం, నలుగురు చుట్టూ కూర్చుంటే చప్పుడు కూడా ఉండదు. ఆయన మనసులో ఉన్నది అది. రామాంజి వెనక నుంచి దిగి, జకార్డు పెట్టె గోడకు ఎంత ఎత్తులో వస్తుందో, గుంట ఎంత లోతు కావాలో చేతులతో చూపించబోయాడు. గుంట అనేసరికి మాస్టారు ముఖం మారిపోయింది.

"లోపల టైల్సు వేయించిండాము నాయనా. వాటిని పగలగొట్టి గుంత తవ్వేదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "టైల్సు సంగతి వదిలేయండి, మళ్ళీ వేసుకోవచ్చు. మా ఆవిడకు గుండె ఆపరేషన్ అయి ఇంకా కోలుకోలేదు. పైనే పడుకోనుంటాది. సొల్ప చప్పుడైనా నిద్ర పట్టదు. నేను ముందే అడిగి తెలుసుకోవాల్సింది, తప్పు నాదే. బేజారు చేసుకోవద్దండి." అడ్వాన్సు డబ్బులు అక్కడికక్కడే తెచ్చి నాగరత్న చేతిలో పెట్టాడు. మంచినీళ్ళు కూడా తెచ్చి ఇచ్చాడు. కోపం తెచ్చుకుందామన్నా తెచ్చుకునేలా లేడు.

"మీరిద్దరూ ఉండేదైతే ఉండండి, ఇల్లు మీదే," అని కూడా అన్నాడు. "అది మాత్రం వద్దు."

ఆయన లోపలికి వెళ్ళాక వీధిలో మేం నలుగురం, ఆటో మీద మగ్గం. అటుగా వెళ్ళేవాళ్ళు ఒక నిమిషం ఆగి చూసి పోతున్నారు. నాగరత్న గేటు పక్కన అరుగు మీద కూర్చుండిపోయింది. రామాంజి కాసేపు కొయ్యల వంక చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఎవరికి?" అంది నాగరత్న.

"ఆ కాంట్రాక్టరుకి. గేటు పనికి వస్తానని చెప్తా. ఇంట్లో సామాను దించుకుందాం. కొయ్యలు యాడన్నా ఏస్తే సరి."

"ఏసేది యాడ?"

"కట్టెల అడితీ లేదా ఈ ఊర్లో?"

నాగరత్న లేచి వచ్చి అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "పొద్దున పక్కింటామె అన్నదానికా ఇది?"

"ఎవరో అన్నదానికి కాదు." రామాంజి ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "నువ్వు ఇన్నేండ్లు నా పక్కన కూసోని కండెలు చుడితివి. నీకెవురన్నా జీతమిచ్చిరా? చీర బాగుంటే రామాంజి నేసినాడు అనిరే గానీ నీ పేరు చెప్పినోడు ఉండాడా? నేను గూడ చెప్పలేదు. ఇప్పుడు నిన్ను పిలిచి సూపర్‌వైజరు చేసినారు. ఇంగ నా వంతు. నేను గేటు కాడ కూసుంటా. తప్పేముండాది? అది గూడ పనే."

"పనే. కాదన్నదెవరు?" అంది నాగరత్న ఫోన్ తన చేతిలోనే ఉంచుకుని. "కానీ నువ్వు అన్నం తినేటప్పుడు గూడ ఏ అంచుకి ఏ రంగు పొసుగుతాదో చెప్పేటోనివి. గేటు కాడ కూసోని ఎవురికి చెప్తావు? నెల రోజులు పోతావు, రెండు నెల్లు పోతావు. ఆ తరువాత నా జీతం చూసినప్పుడంతా నీకి ఈ కొయ్యలే గుర్తొస్తాయి. నాకి గూడ. ఆ జీతం నాకి వద్దు. రేపు పొయ్యి నేను మిషన్ మీదనే కూసుంటానని చెప్తా. ధర్మవరానికి మళ్ళిద్దాం బండి."

"మళ్ళించేది లేదు," అన్నాడు రామాంజి.

ఇద్దరిలో ఎవరు ఒప్పుకున్నా ఒకరి పని పోతుంది. ఇద్దరూ ఎదుటివాళ్ళ పని నిలబెట్టడానికే కొట్లాడుతున్నారు.

ఇంతసేపూ టైరు మీద కాలు పెట్టి నిలబడ్డ డేవిడ్ అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, సోమందేపల్లిలో అయితే?"

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"పోయిన ఏడు సోమందేపల్లిలో ఒకాయన మగ్గం విప్పేస్తే, ఆ కొయ్యలు అడితీకి ఏసుకొని పోయింది నేనే. ఆయనకు కండ్లు సరిగా కనపడక మానేసినాడు. నరసింహులన్న అని. మగ్గం ఇల్లు వేరేగా ఉండాది, గుంత గూడ అట్లనే ఉండాది, పైన బండలు పరిచినారు. అద్దెకిస్తాడేమో తెలీదు. అడిగితే పోయేదేముండాది? అక్క గూడ ఆడి నుంచి ఈడికి కంపెనీ బస్సులో రావచ్చు, మా ఊరి ఆడపిల్లోళ్ళు అట్లే వస్తారు."

నంబరు అతని దగ్గర లేదు. తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళు ఇంకొకరికి చేసి, చివరికి నరసింహులు లైన్లోకి వచ్చాడు. డేవిడ్ ఫోన్ రామాంజి చేతికిచ్చాడు. వాళ్ళిద్దరూ అద్దె గురించి మాట్లాడలేదు. గుంట ఎంత వెడల్పు, పైన దూలం ఎంత ఎత్తు, గది ఏ దిక్కుకు తెరుచుకుంటుంది, వెలుతురు ఎటు నుంచి పడుతుంది, ఇవే. ఫోన్ పెట్టేశాక రామాంజి, "రమ్మంటాండాడు," అన్నాడు.

వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాం. డేవిడ్ అదనంగా ఎంత అడుగుతాడోనని నాగరత్న కంగారు పడింది. అతను డీజిలు ఖర్చు వరకే తీసుకున్నాడు. ఎటూ మా ఊరు ఆ దారిలోనే కదా అన్నాడు.

సోమందేపల్లిలో ఆ వీధి హైవేకి దూరమేం కాదు. నరసింహులు ఇంటి బయటే నిలబడి ఉన్నాడు. యాభై ఐదేళ్ళుంటాయి. ఒంటి మీద కంపెనీ చొక్కా ఉంది. హైవే పక్కన ఒక ఫ్యాక్టరీలో తోటపని చేస్తున్నాడట, మొక్కలకు నీళ్ళు, గడ్డి కత్తిరించడం. "పెద్ద పెద్ద ఆకులు కదా, అవి కనపడతాయి," అన్నాడు నవ్వుతూ. "జరీ పోగే కనపడదు." ఆయనా ఆయన భార్యా అప్పటికే గదిలోని వడ్ల మూటలు బయట పెట్టి, నేల మీద బండలు తీసి, గుంటలో పడ్డ మట్టి ఎత్తిపోసి ఉంచారు. గది చిన్నదే. పక్కనే వంటకు, పడుకోవడానికి ఇంకో గది. అద్దె రెండు వేలు చెప్పాడు. కరెంటు వేరే. హిందూపురంలో అనుకున్నదానికి సగం కూడా కాదు.

సామాను దించేటప్పుడు జకార్డు పెట్టె దగ్గర డేవిడ్ ఒక పక్క పట్టుకోబోయాడు. నరసింహులు అతన్ని పక్కకు జరగమన్నాడు. "నేను పడతా. దీన్ని పట్టుకునే తీరు ఉండాది." రామాంజి ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టుకుని గుమ్మం దాటించారు. లోపల దించాక ఆయన వెంటనే చెయ్యి తీయలేదు. అట్టల దండ విప్పి ఒకటి రెండు అట్టలు వేళ్ళతో తడిమి చూశాడు. "నెమలా?" అని అడిగాడు. "నెమలే అన్నా, పైటకొంగుకి," అన్నాడు రామాంజి. కళ్ళు సరిగా కనపడని ఆయన వేళ్ళతో దాన్ని ఎలా గుర్తుపట్టాడో తెలియదు. బహుశా తను కూడా అలాంటివి నేసి ఉంటాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి, "మనది అమ్మకుండా ఉండాల్సింది," అంది మెల్లగా. నరసింహులు అట్టల దండను మళ్ళీ చుట్టి పెట్టాడు.

కొయ్యలు నిలబెట్టడం ఆ రోజుకు కాదు, దానికి ఇంకా రెండు మూడు రోజుల పని ఉంది. అయినా రామాంజి ఆగలేకపోయాడు. గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి దించాడు. ఆ గుంట అతని కంటే పొడుగు మనిషి కోసం తవ్వినది, పాదాలు అడుగుకు ఆనలేదు. ఒక ఇటుక వరస వేసుకోవాలి అని తనలో తాను అనుకున్నాడు. నాగరత్న గిన్నెల మూట విప్పుతూ అతని వైపే చూస్తోంది.

"సరిపోతాదా?" అంది.

రామాంజి తలెత్తాడు. "రేపు నీ బస్సు ఎన్నింటికే?" అన్నాడు. "యాడ ఆగుతాదో ఇప్పుడే పొయ్యి చూసొద్దాం పా. పొద్దున్నే ఎతుక్కుంటే టయానికి పోలేవు. మొదటిరోజు."

నాగరత్న మూట అక్కడే వదిలేసి చెప్పులు వేసుకుంది. ఇద్దరూ హైవే వైపు నడిచారు. నేను వాళ్ళ వెనకాలే వెళ్ళలేదు. డేవిడ్ ఆటోలో పెనుకొండ దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సెక్కి అనంతపురం చేరాను.

రెండు నెలలు దాటాక నాగరత్నతో మళ్ళీ ఫోన్‌లో మాట్లాడాను. అంతా బాగుంది అని చెప్తే అబద్ధం అవుతుంది. ఇటుకలు వేసి గుంట సరిచేసుకోవడానికీ, దారాలు మళ్ళీ కట్టుకోవడానికీ రామాంజికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. మొదటి నెల ఇల్లు పూర్తిగా నాగరత్న జీతం మీదే నడిచింది. ఆ నెల అతను ముభావంగా ఉన్నాడని, సరుకులు తేవడానికి కూడా వెళ్ళేవాడు కాదని ఆమె చెప్పింది. పడుగు పంపినందుకు, చీర తెప్పించుకున్నందుకు షావుకారు కూలిలో కొంత తగ్గిస్తున్నాడు. నాగరత్నకేమో తనతో పాటు మిషన్ మీద కూర్చున్నవాళ్ళే ఇప్పుడు తన లైన్లో ఉన్నారు, వాళ్ళను తొందరపెట్టాల్సి వచ్చినప్పుడు నోరు రాదట. జీతం పదిహేడు వేలకు పెరిగింది, నిద్ర తగ్గింది. అయినా చెప్తున్నప్పుడు ఆమె గొంతులో అలసట ఉంది కానీ భయం లేదు. సాయంత్రం తోటపని నుంచి వచ్చాక నరసింహులు మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టి ఇస్తాడట, చీరకింత అని రామాంజి ఇస్తున్నాడట. అతను అది ముందే మాట్లాడి, లెక్క కట్టి ఇస్తున్నాడని చెప్పేటప్పుడు నాగరత్న చిన్నగా నవ్వింది. "నేర్చుకున్నాడులే," అంది.

ఈ దారిలో ఇప్పుడు చాలా రకాల పనులున్నాయి. కారు పార్టులు బిగించే పని, గార్మెంట్స్, మెస్సు, గూడ్సు ఆటో, గేటు, తోట. ఏది ఎన్నాళ్ళు నిలుస్తుందో చేసేవాళ్ళకే తెలియదు. జీతం ఎంత అని అడగడం సులభం, అది ఎవరైనా చెప్తారు. ఆ జీతం కోసం ఇంట్లో ఇంకొకరు ఏం వదులుకోవాల్సి వస్తుందో అడిగేవాళ్ళు తక్కువ. నేను కూడా ఈ ప్రయాణానికి ముందు ఎవరినీ అలా అడిగి ఎరగను. ఆ వీధిలో వాళ్ళిద్దరూ పోట్లాడుకున్నప్పుడు మొదటిసారి ఆ ప్రశ్న విన్నాను. ఒకరి పని గెలిచి ఒకరి పని ఓడిపోకుండా, రెండు పనులకూ మధ్యలో ఒక ఊరు దొరికింది వాళ్ళకు. అందరికీ అలా దొరకకపోవచ్చు. దొరికేదాకా వెతికే ఓపిక కూడా అందరికీ ఉండకపోవచ్చు.

పని కోసం ఈ వైపు ఇల్లు మారేవాళ్ళకు ఒక్క మాట. అడ్వాన్సు ఇచ్చే ముందు, ఫ్యాక్టరీకి వెళ్ళే మనిషి గురించే కాదు, ఇంట్లో ఉండి చేసే మనిషి పని గురించి కూడా ఇంటి యజమానికి చెప్పండి. ఒట్టి పేరు చెప్పి వదిలేయకండి. ఎంత చోటు కావాలో, ఎంత చప్పుడు అవుతుందో, నేల తవ్వాలో అక్కర్లేదో చెప్పండి. వీలైతే ఫోన్‌లో ఒక వీడియో తీసుకెళ్ళి, ఆ చప్పుడు ఆయనకు వినిపించండి.